మొలవని జీడిపప్పు

నేను పుట్టి పెరిగింది టెక్కలిలో. జీడిపప్పును పాయసంలో తప్ప మరెక్కడా ఎరగను. ఈ ఒక్క అర్హతతో జీడితోటల సీమ ఉద్దానంలో మూడో తరగతికి పాఠాలు చెబుతున్నాను.

విత్తనాలు మొలకెత్తించే పాఠం వచ్చింది. పెసలు తెమ్మంటే రెండు రోజుల్లో తేలిపోయేది. కానీ శుక్రవారం తనిఖీకి అధికారి వస్తున్నారని తెలిసి, విజ్ఞాన చరిత్రను పలాస వైపు మళ్లిద్దామనుకున్నాను. జీడిగింజలు తెమ్మన్నాను. అధికారికి మొక్క చూపించి మాట్లాడే బాధ్యత ముందు వరుసలో కూర్చునే పాపకిచ్చాను. ఆనాటి నుంచి పాప గోడలకీ మేకలకీ ఉపన్యాసం ఇస్తూనే ఉంది.

తీరా పిల్లలంతా తెచ్చింది పప్పు. వాళ్ల అమ్మలు పలాస జీడి ఫ్యాక్టరీల్లో తొక్క తీసేవాళ్లు మరి. ముత్యాల్లా ఉన్నాయి. పెంకు అడ్డు లేదు కనక ఇంకా త్వరగా మొలుస్తాయని తేల్చి, గ్లాసుల్లో తడి దూది మీద పెట్టించాను.

రెండో రోజు ఉబ్బాయి. విజయమన్నాను. మూడో రోజు వాసనొచ్చింది. ప్రాణం పోసుకుంటున్న వాసనన్నాను. నాలుగో రోజు మందస దాకా ఉన్న చీమలన్నీ వచ్చాయి.

"మాస్టారూ, రేపటికి ఆకులొత్తాయా?" అంది పాప.

"రెండైనా వస్తాయి."

సాయంత్రం పాప కోసం వాళ్లమ్మ వచ్చింది. గ్లాసులు చూసింది, నన్ను చూసింది.

"ఏటి మాస్టారూ! గింజ ఆవిరిలో ఉడకబెట్టి, కోసి, వేడికి ఎండబెట్టి తీసిన పప్పండీ ఇది. మొలుత్తాదేటి? అలాగైతే మా అన్నం గిన్నెలో వరిసేను లేవాల!"

పాప నన్ను చూసింది. నేను పైకప్పును చూశాను. పాప ఏడవలేదు. అందుకే భయమేసింది.

మర్నాడు అధికారి ముందు పాప కుళ్లిన గ్లాసు పక్కన ఇసక కుండీ ఒకటి పెట్టింది.

"ఇది ఉడికిపోయిన పప్పండి, మొలవదు. ఈ కుండీలో పచ్చి గింజ పెట్టానండి. మూడు వారాల్లో మొలుత్తాది. మాయమ్మ సెప్పింది."

"మరి ఉడికింది ఎందుకు పెట్టారమ్మా?"

ముప్పై జతల కళ్లు నా మీదికి తిరిగాయి.

"మాస్టారిది టెక్కలండి," అంది పాప.

అధికారిది జలంత్రకోట వైపు, అక్కడా జీడితోటలే. అర్థమైందన్నట్టు తలూపారు.

గింజ చెప్పిన వేళకే మొలిచింది. దానికి నీళ్లు పోసే ఉద్యోగం పాప నాకే ఇచ్చింది. చెంబు ఎత్తిన ప్రతిసారీ గుర్తుచేస్తుంది:

"సన్నీళ్లేనండీ మాస్టారూ."