అప్పన్న నోటికి కొబ్బరి పువ్వు

ఆదివారం ఉదయం ఏడింటికి మేముండే డైరీ ఫార్మ్ పేట నుంచి ముగ్గురం బయలుదేరాం: నేను, అప్పన్న, సెల్వం. బడిలో ఒకే బెంచీ వాళ్లం. ప్రయాణం బాంబూఫ్లాట్ దాకానే. హార్బర్ దాటితే చాలు, ఊరు వచ్చేస్తుంది. దీన్ని కూడా యాత్ర అంటారా అని మా ఆవిడ నవ్వింది. కానీ మేం వెతుక్కుంటూ వెళ్లింది కొబ్బరి పువ్వు.

మొలకెత్తిన కాయ కొడితే లోపల తెల్లగా, మెత్తగా బంతిలా ఉంటుందే, అదే. చిన్నప్పుడు ఎవరి తోటలో మొలక కాయ కనిపించినా అడక్కుండా కొట్టుకు తినేవాళ్లం. ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఇప్పుడు పని అప్పన్న కోసం. బోటు ఇంజన్లు బాగుచేసే మనిషి. ఆమధ్య వచ్చిన జ్వరం తగ్గింది గానీ నోటి రుచి పట్టుకుపోయింది. రెండు ముద్దలు తిని లేచిపోతున్నాడు. వాళ్లావిడ సూరీడు భయం మరీ పెద్దది. "కూరకి వంక పెట్టడం మానేశారు అన్నయ్యా. పెళ్లయిన కాడ్నుంచి ఒక్క పూటా మానలేదు," అంది. ఏం తినాలనుందిరా అని అడిగితే వాడు చాలాసేపు ఆలోచించి, "మా పిన్ని తోటలో కొబ్బరి పువ్వు," అన్నాడు.

అంతే, పెత్తనమంతా నేనే నెత్తిన వేసుకున్నాను. అది నా జబ్బు. చాథమ్ జెట్టీ దగ్గర టిఫిన్ కొట్లో వాణ్ని అడక్కుండానే ఇడ్లీ చెప్పాను. ఒకటి తిని పళ్లెం పక్కకు జరిపాడు.

"ఎలా ఉందిరా?"

"బాగుంది."

అప్పన్న నోట ఆ మాట వినేసరికి నాకూ భయం వేసింది.

ఎనిమిదింటి బోటు ఎక్కాం. ఆదివారం వెళ్లేవాళ్లు కాస్త ముందే జెట్టీకి చేరితే మంచిది, స్కూటర్లన్నీ ఎక్కాకే మనకు చోటు దొరుకుతుంది. పక్కన ఒళ్లో కోడిపుంజుతో కూర్చున్న ఒకామె మా సంగతి విని పకపకా నవ్వింది.

"కొబ్బరి పువ్వు కోసం బోటెక్కారా? పాగల్ హో క్యా భయ్యా! మా ఇంటెనక బోలెడున్నాయి, మా పంది కూడా ముట్టదు."

"అయితే దీదీ, అక్కడ దొరక్కపోతే మీ ఇంటికే వస్తాం," అన్నాడు సెల్వం.

"రండి రండి, పందికి చెప్పి ఉంచుతా."

బాంబూఫ్లాట్‌లో దిగి ఆటోలో గుట్ట ఎక్కితే పది నిమిషాల్లో పిన్ని ఇల్లు. తలుపు దగ్గరగా వేసి ఉంది. బజారుకెళ్లింది, వచ్చేస్తుందని పక్కింటివాళ్లు చెప్పారు. స్నానాల గది గోడ పక్కన మొలక కాయలు వరసగా పేర్చి ఉన్నాయి.

"పిన్నిని రానీరా," అన్నాడు అప్పన్న.

"మన పిన్నే కదా," అన్నాను. పదకొండున్నర బోటుకు తిరిగి వెళ్లాలని నా తొందర. జానెడు మొలక ఉన్న కాయ ఒకటి ఏరాను. దాని మీద పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. చూశాను. చూసి కూడా ఆగలేదు. పాతి ఉన్న గునపం మీద పొడిచి పీచు ఒలిచాను, కత్తితో రెండు చెక్కలు చేశాను. లోపల చిప్ప నిండా పువ్వు!

సరిగ్గా అప్పుడే పిన్ని సంచితో గేటు తోసుకుని వచ్చింది.

"ఓలమ్మో! బొట్టెట్టిన కాయి కొట్టేసినారేటి? డైరీ ఫార్మ్‌లో మా అమ్మాయి లచ్చి కొత్తిల్లు కట్టుకుంది. గుమ్మం ముంగట పాతాలని ఏరి పెట్టుకున్నాను. ఎవుడ్రా కొట్టినోడు?"

సెల్వం వేలు నా వైపే చూపించింది. సాకు ఒకటి నాలుక మీదికి వచ్చింది గానీ మింగేశాను.

"నేనే పిన్నీ. అప్పన్న ఆగమన్నాడు. బొట్టు చూసి కూడా కొట్టాను."

ఆమె నన్ను వదిలి అప్పన్నను చూసింది. "నువ్వేటిరా ఇలా పుల్లయిపోనావు?" అంది. చిప్పలోంచి పువ్వు పెళ్లగించి వాడి చేతిలో పెట్టింది. "తిను. నీ మొకం సూసి ఊరుకున్నాను గానీ, కాయికి బదులు ఈణ్నే పాతేద్దును."

వాడు తుంచుకుని తుంచుకుని తిన్నాడు. ఎలా ఉందని అడగబోయి నోరు మూసుకున్నాను. ఆ రోజుకి అదే మొదటిసారి.

"ఇంకోటుందేటి పిన్నీ?" అన్నాడు అప్పన్న.

ఈసారి పిన్నే కొట్టి ఇచ్చింది. తర్వాత మరో మొలక కాయకు పసుపు రాసి నా చేతుల్లో పెట్టింది. "లచ్చి ఇంటికి నువ్వే మొయ్యాల, నువ్వే గొయ్యి తియ్యాల. ఏరు పట్టీదాకా నీల్లు కూడా నువ్వే పొయ్యాల."

భోజనం చెయ్యకుండా పిన్ని కదలనివ్వలేదు. పదకొండున్నర బోటు పోయింది. మధ్యాహ్నం బోటులో కాయను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చొక్కా అంతా పసుపు. "కాయకి టికెట్ తీశావా భయ్యా?" అని ఎవరో అడిగితే బోటంతా నవ్వింది, నేనూ నవ్వాను. బాంబూఫ్లాట్ వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. కొబ్బరి పువ్వు దొరుకుతుంది, ఇంటివాళ్లు వచ్చేదాకా ఆగండి.

చాథమ్‌లో దిగాక పొద్దుటి టిఫిన్ కొట్లో ఈసారి నేనేమీ చెప్పలేదు. అప్పన్నే మూడు చాయ్ చెప్పాడు. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"థూ! ఇది చాయా? పంచదార లేదు, అల్లం లేదు. గిన్నె కడిగిన నీళ్లలా ఉంది."

కొట్టువాడు గుర్రుగా చూశాడు. సెల్వం వెళ్లి అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నేను పక్కకు వచ్చి సూరీడుకు ఫోన్ చేశాను.

"అమ్మా, చాయ్‌కి వంక పెట్టాడు."

ఏమన్నాడో సరిగ్గా చెప్పమంది. చెప్పాను. మళ్లీ చెప్పమంది.

"తొందరగా తీసుకొచ్చేయండి అన్నయ్యా," అంది చివరికి. "రాత్రికి కూరలో ఉప్పు కావాలనే తగ్గిస్తాను."