పెంటమ్మకి నేను చేసిన అనువాదం

నాలుగేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఇవాళ మీ ముందు దింపేస్తాను. దింపే ముందు ఒక హెచ్చరిక: ఇది మహాకావ్యం. ఇందులో రాజ్యం ఉంది, కీర్తి ఉంది, సొంత రక్తం చేసిన ద్రోహం ఉంది, లోకమంతా చూస్తుండగా ఒక తల్లికి జరిగిన అవమానం ఉంది. కాస్త కుదురుగా కూర్చోండి.

సరే, అంత లేదు. రాజ్యమంటే కోల్‌కతా న్యూ టౌన్‌లో రెండు పడగ్గదుల ఫ్లాటు. కీర్తి అంటే చేపల కూర వీడియోలు. ద్రోహమంటే ఆ వీడియోల్లో ఒకదాని కింద నేను రాసిన సబ్‌టైటిల్, ఒక్క లైను. చేతివేళ్ళు తప్ప ఒంట్లో ఇంకేదీ కదలకుండా చేసిన పాపం. మరి అంత చిన్నదానికి ఇంత బరువెందుకు? అది నాకూ అర్థం కాదు. అర్థం కాదనడం కూడా అబద్ధమే. బాగా అర్థమవుతుంది.

మా నాన్న ఖిదిర్‌పూర్ డాక్‌లో పనిచేసేవాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇళ్ళు ఆ వాడలో బోలెడు. అక్కా నేనూ అక్కడే పుట్టాం. అక్క పెళ్ళి చేసుకుని న్యూ టౌన్ వెళ్ళింది. బావది కరీంనగర్ వైపు, కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. పగలంతా ఫ్లాటులో ఒక్కతే ఉండలేక అక్క చేపల్ని తిట్టడం మొదలుపెట్టింది. నిజంగానే. పొలుసు ఊడని చేపని, నూనె చిమ్మే చేపని, ముల్లు ఎక్కువున్న చేపని మా వాడ తెలుగులో తిట్టేది. ఒకరోజు సరదాకి నేను ఫోన్‌లో తీసి, కింద బెంగాలీలో సబ్‌టైటిళ్ళు పెట్టి ఎక్కించాను. చేపని తిట్టిన మనిషిని బెంగాలీవాళ్ళు క్షమించరనుకున్నాను. నెత్తిన పెట్టుకున్నారు. 'తెలుగు బౌదీ' అన్నారు. బౌదీ అంటే వదిన. కొన్ని నెలల్లో అక్క ఊరందరికీ వదిన అయిపోయింది. నేను వదినగారి తమ్ముణ్ణయ్యాను.

ఇక్కడ మీకో వృత్తి రహస్యం చెప్పాలి. అక్క తిట్లు మామూలు తిట్లు. "నీ దుంప తెగ, ఊడవే" లాంటివి. దాన్ని నేను బెంగాలీలో "ఓ ఇలిష్ రాణీ, ఇవేమైనా నీ పుట్టింటి నగలా, ఇంత గట్టిగా పట్టుకున్నావు?" అని రాసేవాణ్ణి. ఇలిష్ అంటే మన పులస. జనం నవ్వింది దేనికి? నా లైనుకి. మెచ్చుకుంది ఎవరిని? రాసినవాడు కనపడకపోతేనే అది మంచి సబ్‌టైటిల్ అంటారు. నేను చాలా మంచివి రాశాను.

అలా వీడియోలు తీసిన మూడేళ్ళలో అక్కకి ఇద్దరు పిల్లలు దక్కలేదు. ఒకరు కడుపులోనే పోయారు. ఇంకొకడు పుట్టి, ఒకసారి ఏడ్చి, పోయాడు. లోకానికి ఇది చెప్పలేదు. "బౌదీ లావైంది", "శుభవార్త ఎప్పుడు బౌదీ" అని కింద రాసేవాళ్ళకి చేతులు జోడించిన బొమ్మ పెట్టేది. ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్ళకే మళ్ళీ చేపల ముందు నిలబడింది. ఎలా నిలబడగలిగింది? అప్పుడు అడగలేదు. నేను లైటు పట్టుకుని ఉన్నాను.

మూడోసారి ఆడపిల్ల. బతికింది. ఇక అమ్మ ఊరుకోలేదు. మా వైపు, బిడ్డలు నిలవని ఇంట్లో పుట్టినదాన్ని చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెడతారు. పొరుగావిడ ఎవరో పారేసిన బిడ్డ దొరికినట్టు ఎత్తుకుంటుంది. తల్లి గుప్పెడు తవుడిచ్చి తన బిడ్డని తానే కొనుక్కుంటుంది. పెంటమ్మ అని పేరు పెడతారు. పారేసినదాన్ని చావు కూడా ఆశించదని నమ్మకం. చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్ళో నేను చదివిన బడిలో ఇద్దరు పెంటయ్యలు ఉండేవారు. ఇద్దరూ దున్నపోతుల్లా ఉండేవారు. కాబట్టి పద్ధతి పనిచేస్తుంది.

కోల్‌కతాలో పెంటకుప్ప ఎక్కడ దొరుకుతుంది? మా వీధి చివర కార్పొరేషన్ చెత్త తొట్టి ఉంది. తెల్లారగానే అక్కడికి ఊరేగాం. తవుడు గేదెలవాళ్ళ దగ్గర తెచ్చాం. పిల్లని చేటలో పెట్టి తొట్టి పక్కన దించేసరికి, చెత్తబండి తోసుకొస్తున్న కార్పొరేషన్ మనిషి బెంబేలెత్తిపోయి "ఓ మాషీ! బాచ్చా ఫేలే దిచ్ఛో నాకి?" అని అరిచాడు. పిల్లని పారేస్తున్నామనుకున్నాడు పాపం. నేను "పూజో, దాదా" అన్నాను. ఈ ఊళ్ళో పూజ అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

"ఇది వీడియో తీసి పెడితే ఎంతమంది చూస్తారో!" అన్నాను ఇంటికి వస్తూ. అమ్మ నా నెత్తి మీద మొట్టింది.

"నోరు ముయ్‌రా ఎదవా. ఎందుకెట్టినామో ఎవులికీ సెప్పకూడదు. దిష్టికి తెలిసిపోనాక ఇంకేటుంటాది మోసం?"

అక్క నవ్వలేదు. పిల్లని గుండెకి అదుముకుని, నాకేసి చూసి తల అడ్డంగా ఊపింది. అంటే నాకు అంతా తెలుసు. తెలియక చేశాడులే అని మీరు నా తరఫున అనుకోబోతారేమో. వద్దు.

పిల్లకి మూడో నెల నడుస్తుండగా నేను భవానీపూర్‌లో ఒక కాఫీ దుకాణం మేడ మీద మైకు పట్టుకున్నాను. కుర్రాళ్ళు వంతులవారీగా జోకులు చెప్పుకునే చోటు. ఇలిష్ నగల జోకు చెప్పాను. ముందు వరసలో ఒకమ్మాయి పక్కవాడితో, మైకు కూడా సిగ్గుపడేంత గట్టిగా, "ఎ తో తెలుగు బౌదీర్ జోక్! చురి కొరేఛే" అంది. బౌదీ జోకు దొంగిలించానట. నా జోకు నేనే దొంగిలించి, నలుగురిలో పట్టుబడ్డాను. ఈ ఘనత ఇంకెవరికైనా దక్కిందేమో తెలియదు.

మర్నాడు ఇది అక్కకి నవ్వుతూ చెప్పాను. అక్క కూడా నవ్వింది. "మరి నాదే గదరా," అంది, చేప తిప్పుతూ. ఆలోచించకుండా అంది. ఆ మాటలో విషం లేదు. ఉన్నదంతా వినేవాడి చెవిలోనే.

ఆరోజే పిల్లతో తొలి వీడియో తీశాం. ఒళ్ళో పెట్టుకుని, "నా పెంటమ్మ, నా పెంటకుప్ప, నువ్వెవులికి కావాలే?" అని ముద్దులాడింది. దిష్టికి వినపడాలని కాస్త గట్టిగానే అంది. నేను ఇంటికొచ్చి ఆ లైను దగ్గర కూర్చున్నాను. 'సోనా' అని కొట్టాను. బెంగాలీ తల్లులు పిల్లల్ని అనేది అదే, బంగారం అని. సరిపోయేది. కాసేపు ఆ మాటకేసి చూశాను. చెరిపేశాను. 'ఆమార్ ఆస్తాకుడ్, తోకే కే చాయ్?' అని రాశాను. నా చెత్తకుప్పా, నువ్వెవరికి కావాలి?

అనువాదంలో తప్పు లేదు. ఏ పండితుణ్ణైనా అడగండి. మూడేళ్ళపాటు అక్క మాటల్ని ఇష్టమొచ్చినట్టు మార్చి రాసినవాణ్ణి ఆ ఒక్కరోజు నిజాయితీపరుణ్ణయ్యాను.

ఎందుకు? నువ్వన్నది అన్నట్టే రాస్తే ఎలా ఉంటుందో చూడు అని చూపించడానికా? కాసిన్ని తిట్లు పడితే అక్క కంగారుపడి, నీలా ఎవరు రాస్తారురా అని నన్ను బతిమాలుతుందనా? అంతకుమించి జరుగుతుందని ఊహించలేదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఊహించలేకపోవడానికి పసివాణ్ణా? ఆ కామెంట్లు చదవడమే కదా నా ఉద్యోగం. అక్క ఏరోజూ సబ్‌టైటిళ్ళు సరిచూసుకునేది కాదు. నమ్మకం. ఎక్కించేశాను.

మొదట్లో నవ్వారు. ఆ కాసేపూ నాకు హాయిగా ఉంది, అది కూడా ఒప్పుకుంటున్నాను. తర్వాత ఎవరో ఆ ముక్క మాత్రం కత్తిరించి, 'ఆడపిల్ల పుట్టిందని చెత్త అంటోంది' అని పెట్టారు. ఇక ఊరంతా తిరగబడింది. ఊరందరి వదిన కాస్తా 'ఆస్తాకుడ్ బౌదీ' అయింది. పిల్లని మాకివ్వు, పెంచుకుంటాం అన్నారు. నీలాంటిదాని కడుపు పండకుండా ఉండాల్సింది అని ఒకావిడ రాసింది. పక్కన తన ముగ్గురు పిల్లల ఫోటో ఉంది. ఎవరో ఫిర్యాదు చేస్తే పిల్లల సంక్షేమం ఆఫీసు నుంచి ఒక మేడమ్ ఇంటికొచ్చి, పిల్ల ఒళ్ళంతా చూసి, పాలు పడుతున్నావా అని అడిగి వెళ్ళింది. నేను జీవితంలో రాసినవాటిలో అన్నిటికంటే ఎక్కువమంది చదివిన వాక్యం ఆ సబ్‌టైటిలే. దాని కింద కూడా నా పేరు లేదు.

"పట్టించుకోకు, రెండు దినాల్ల మర్సిపోతరు," అన్నాడు బావ.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"ఏట్రా రాసినావు కింద?"

"నాను రాయనేదక్కా. జొరమొచ్చింది గదా, ఈపాలి మెషిన్‌కిచ్చీసినాను."

"మెషినా?"

"ఆఁ. అన్నది అన్నట్టు మార్సీసింది."

అక్క నాకేసి చూసింది. అందులో అనుమానం ఉందా అని ఆ చూపుని నాలుగేళ్ళుగా తిరగేసి చూస్తున్నాను. లేదు.

"అవున్లే. దానికి అమ్మేటి, పిల్లేటి," అంది. తర్వాత నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. "జొరమొస్తే సెప్పవేటి మరి? పెరుగేసుకోకు. సారన్నం ఎడతానుండు."

నుదురు చల్లగా ఉంది. తగ్గినట్టుందిలే అనుకుంది.

మా వైపు ఆచారం అని అక్క ఒక్కమాట చెబితే సగం నోళ్ళు మూతపడేవి. పోయిన ఇద్దరి సంగతి చెబితే మిగతా సగం. చెప్పలేదు. చెబితే దిష్టికి తెలిసిపోతుంది. పిల్ల బతకాలని అన్ని తిట్లూ మింగింది. మెషిన్ తప్పు అని మాత్రం ఒక వీడియో పెట్టింది. తప్పు చేసి మెషిన్ మీద తోసేస్తున్నారు అన్నారు జనం. ఆ మొత్తం గొడవలో వాళ్ళు కరెక్టుగా చెప్పింది అదొక్కటే. కాకపోతే ఒకరిని పట్టుకోబోయి ఇంకొకరిని పట్టుకున్నారు.

ఒక చేత్తో పిల్లకి పాలిస్తూ ఇంకో చేత్తో కామెంట్లు చదివేది. ఫోను లాక్కుంటే ఇచ్చేసేది, మళ్ళీ తీసుకునేది. చివరికి పాలు తగ్గిపోయాయి. డబ్బా పాలు తెచ్చిపెట్టింది నేనే, అడక్కుండానే, ఎంతో బుద్ధిమంతుడిలా. అమ్మ ఉప్పూ మిరపకాయలూ పిడికిట పట్టి, ఏ పాపిష్టోడి కన్నో అని తిట్టుకుంటూ తల్లికీ పిల్లకీ దిష్టి తీసింది. పక్కనే ఉన్నానని నాకూ తీసింది. నిప్పుల్లో వేస్తే మిరపకాయల ఘాటు రాలేదు. దిష్టి గట్టిగా తగిలిందంది అమ్మ. నేను మిరపకాయలు పాతవేమో అన్నాను. అక్క నవ్వింది. ఆ నెలలో అదే మొదటి నవ్వు. దాన్ని కూడా నా ఖాతాలో వేసుకోవాలా, తీసేయాలా?

కొన్ని నెలలకి అక్క మళ్ళీ కెమెరా ముందుకొచ్చింది. ఇప్పుడు చేపలతో బెంగాలీలోనే మాట్లాడుతుంది, చాలా మర్యాదగా. సబ్‌టైటిళ్ళ అవసరం పోయింది. పిల్లని పెంటమ్మ అని పిలవడం మానేశారు. ఇంట్లో కూడా 'సోనా' అనే అంటారు. నేను కొట్టి చెరిపేసిన మాటే. పిల్లకి తెలుగులో "రాయే" అంటే ఎవరినో పిలుస్తున్నట్టు వెనక్కి తిరిగి చూస్తుంది. పోయినేడు దానికి డెంగీ వచ్చినప్పుడు, ఆసుపత్రి మెట్ల మీద అక్క, "పేరు మానీసినాను, నాదే తప్పు" అని ఏడ్చింది. అప్పుడు చెప్పాల్సింది. చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. నేను టీ తెస్తానని లేచాను. తెచ్చాను కూడా. పిల్ల కోలుకుంది. నేను కోలుకున్నది మాత్రం ఆ మెట్ల మీది నుంచి తప్పించుకోవడం వల్ల.

పోయిన నెల న్యూ టౌన్‌లో ఒక ఆడవాళ్ళ సభకి అక్కని పిలిచారు. పేరు, నిందలు, పసిబిడ్డ, వీటన్నిటి మధ్య మనసు గట్టిగా నిలబెట్టుకోవడం ఎలా అన్నది విషయం. అక్క మెషిన్ కథ చెప్పింది. అందరూ నవ్వారు. బాగా చెప్పింది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఇంత బలం ఎక్కడిదని ఎవరో అడిగారు. "నాకు బలమేం లేదు. పడిపోబోతే నవ్వించడానికి ఇంట్లో మా తమ్ముడున్నాడు," అని వెనక వరసలో అక్క సంచీ, పిల్ల నీళ్ళ సీసా పట్టుకుని కూర్చున్న నన్ను చూపించింది. సభ మొత్తం నాకేసి తిరిగి చప్పట్లు కొట్టింది. మైకు పట్టుకున్నప్పుడు రాని చప్పట్లు సంచీ పట్టుకుంటే వచ్చాయి. లేచి నిలబడి వంగాను. వంగడం సులువే. మళ్ళీ నిటారుగా నిలబడకుండా, అలాగే కూర్చుని సంచీ సర్దాను.

చెబితే ఏమవుతుంది? అక్క క్షమిస్తుంది. అదే వచ్చిన చిక్కు. క్షమించేస్తుంది, అన్నం పెడుతుంది, ఆ తర్వాత నేను వేసే ఏ జోకుకీ నవ్వదు. ఇన్నేళ్ళు ఆమె ఆనుకుని నిలబడినది నన్నే అయితే, అది పుచ్చు కర్ర అని ఇప్పుడు చెప్పడం మేలా, చెప్పకపోవడం మేలా? ఇది ఆమె మీద జాలి అనుకుంటాను. వెంటనే, నా పిరికితనానికి ఇస్త్రీ చేసిన చొక్కా తొడుగుతున్నానేమో అనిపిస్తుంది. రెండూ నిజమై ఉండొచ్చు. రెండిట్లో ఏదైనా అక్కకి ఒరిగేదేమీ లేదు.

కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. మెషిన్ రాయలేదు. నాకు జ్వరం లేదు. తెలిసే రాశాను. బంగారం అని కొట్టి, చెరిపి, చెత్తకుప్ప అని రాశాను. ఈ నాలుగు వాక్యాలూ వరసగా ఎప్పుడూ బయటికి రాలేదు. వచ్చాక ఊపిరి కాస్త కిందిదాకా వెళ్తోంది. దీనికే క్షమాపణ దొరికిందనుకునేంత వెర్రివాణ్ణి కాను.

మీలో ఎవరైనా ఇది అక్కకి చూపిస్తారేమో అని ముందు భయపడ్డాను. చూపించుకోండి. అక్క బెంగాలీ మీడియం. తెలుగు చదవడం రాదు.