నల్లకోటు దండులో చేరాలా, వద్దా?

మా చిన్నప్పుడు... శబరి ఏటి ఒడ్డున, సరిహద్దు ఊరు కొంటాలో మా నాన్న కిరాణా కొట్టు వెనక గదిలో రోజూ నెత్తురు పారేది. కంప్యూటర్‌లో లెండి.

భద్రాచలంలో ఎవరో వాడి అమ్మేసిన డబ్బా అది. మా అన్నయ్య రవి మీట నొక్కితే కత్తి దిగేది, తలలు ఎగిరేవి, తెర ఎర్రబడేది... గదంతా ఎండుమిర్చి, ఇప్పపువ్వు వాసన. మేం బస్తాల మీద బోర్లా పడుకుని చూసేవాళ్లం.

మేం అంటే నేనూ, నాతో చదివే గంగీ, వాళ్లన్న దేవా. వాళ్లది భేజ్జి అవతల చిన్న పల్లె. గంగి కొంటాలో ఆశ్రమం హాస్టల్లో ఉండి మా బడిలో చదువుకునేది. సంతరోజు దేవా చింతపండు తెచ్చి మా కొట్లో వేసి, చెల్లెల్ని వెంటబెట్టుకుని వెనక గదిలోకి వచ్చేవాడు. ఆడపిల్లలం... మా వంతు చివర్లో వచ్చేది.

ఆటలో హీరో ఒక వేటగాడు. రాజు సైనికులు అతని ఊరిని నరికేస్తారు. పగ తీర్చుకోవడానికి బయల్దేరతాడు. సగం ఆట అయ్యేసరికి నల్లకోట్ల దండు ఎదురొస్తుంది. మాతో చేరు, ఆయుధాలిస్తాం, కోటను కలిసి కొడదాం అంటుంది. అయితే అంతకుముందే ఆ దండు ఏటి ఒడ్డున బెస్తవాళ్ల గుడిసెలకు నిప్పు పెట్టడం మనం చూసి ఉంటాం... లోపల పిల్లల అరుపులు కూడా వినిపిస్తాయి. ఇప్పుడు చెప్పాలి. చేరాలా, వద్దా?

అన్నయ్య చేరేవాడు. ఒంటరిగా పోతే ముక్కలు చేస్తారు, ముందు గెలవాలి, వీళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు అనేవాడు. దేవాదీ అదే మాట. గంగి మాత్రం ఎప్పుడూ 'వద్దు' అనే నొక్కేది. కోట గుమ్మంలోనే బల్లేలు దిగి చచ్చేది. మళ్లీ మొదటి నుంచి... మళ్లీ చావు.

"గుడిసెలు కాల్చినోళ్ల పక్కన ఎట్ల నిలబడతడే?" అనేది నాతో. నేను ఎవరు ఆడుతుంటే వాళ్ల వైపు.

ఎనిమిదో తరగతి అయ్యాక వేసవి సెలవులకు గంగి ఊరెళ్లింది. తునికాకు కోసే రోజులు. అడవిలోంచి తుపాకులతో వచ్చినవాళ్లు వాళ్ల నాన్నను ఇంట్లోంచి ఈడ్చుకొచ్చారు. ఠాణాకు కబుర్లు మోస్తున్నాడని, ఊరందరి ముందు గొడ్డలితో నరికారు. నిజానికి ఆయన ఠాణాకు వెళ్లింది తప్పిపోయిన ఎద్దు కోసం... మొదటి వేటుకు చెయ్యి అడ్డం పెట్టాడట. వేళ్లు తెగి పడ్డాయట. వాళ్లమ్మ అవి ఏరుకుని కొంగున కట్టుకుందట. గంగి ఇదంతా నాకు ఏడవకుండా చెప్పింది.

కొన్నాళ్లకే ఇంకో దండు బయల్దేరింది. ఆ అడవి తుపాకులవాళ్ల మీద పగ ఉన్న కుర్రాళ్లకు కర్రలూ తుపాకులూ ఇచ్చి వెంట తిప్పుకునేవాళ్లు. వాళ్లు పోయిన పల్లెల్లో గుడిసెల గడ్డి కప్పులు కాలక మిగిలేవి కావు. ఎలాంటివాళ్లో అందరికీ తెలుసు. దేవాకూ తెలుసు. అయినా చేరతానన్నాడు.

మా వెనక గదిలోనే గంగి అతణ్ణి ఆపింది. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఒక్కణ్ణే ఏం జేస్త గంగీ? నాయనను నరికినోళ్లు కండ్ల ముందే తిరుగుతున్రు."

"వాళ్లను కొట్టాల్నని పోతవ్. ఆడ ఎవలిని కొట్టమంటే వాళ్లను కొడ్తవ్."

దేవా మా అన్నయ్య వైపు తిరిగి, ముందు గెలవాలని ఆటలో నువ్వూ అనేవాడివి కదా అన్నాడు. అన్నయ్య తల దించుకున్నాడు. దేవా చెల్లెల్ని పక్కకు జరిపి వెళ్లిపోయాడు.

వానాకాలం చివర్లో ఒక సంతరోజు... మిట్టమధ్యాహ్నం, మా కొట్టు ముందే దండువాళ్లు ఒక ముసలాయన్ని పట్టుకున్నారు. చేతిలో కల్లుప్పు సంచి. ఇంత ఉప్పు అడవిలో ఎవరికి అని అడిగారు. ఆయన గంగికీ దేవాకీ సొంత మేనమామ. అది తెలిసి, కర్ర దేవా చేతికే ఇచ్చారు. మీ మామేగా, నువ్వే అడుగు అన్నారు.

దేవా కొట్టాడు. మొదటి దెబ్బకు మోకాలి కింద ఎముక ఎండు వెదురులా విరిగింది. రెండోది మూతి మీద. పళ్లు ఊడి, ఒలికిన ఉప్పులో పడ్డాయి. మా నాన్న మెట్లు దిగి "చాలు బాబూ" అన్నాడు. ఒకడు ఆయన చెంప మీద కొడితే కళ్లద్దాలు పగిలి కనుబొమ్మ చీలింది. నేనూ గంగీ బియ్యం బస్తాల వెనక ఉన్నాం. నా లంగా తడిసిపోయింది... ఇన్నేళ్లలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

నా పక్కనుంచి గంగి పరుగెత్తి మామ మీద పడింది. అప్పటికే లేచిన కర్ర ఆమె ఎడమ మణికట్టు మీద దిగింది. తల పైకెత్తి చూసింది.

"నన్ను గూడ అడుగు, అన్నా."

దేవా కర్ర వదిలేశాడు. దాంతో అందరూ అతని మీద పడ్డారు. అలసిపోయేదాకా కొట్టి, చచ్చాడనుకుని వెళ్లిపోయారు. మా నాన్న, అన్నయ్య కలిసి అతణ్ణి మోసుకెళ్లి పడవలో శబరి దాటించారు. మామ మూడో రోజున పోయాడు.

కొన్నాళ్లకు అన్నయ్య ఆ ఆట పూర్తి చేశాడు. నల్లకోట్లతో చేరే... కోట కూలింది, హీరో మీద పూలు చల్లారు, బాజాలు మోగాయి. బెస్తవాళ్ల ఊసే లేదు. అన్నయ్య ఆట తీసేశాడు. మళ్లీ ఏ ఆటా ఎక్కించలేదు.

గంగి ఇప్పుడు బీజాపూర్ వైపు ఒక ఆసుపత్రిలో నర్సు. దేవా తెలంగాణలో మిర్చి చేలల్లో కూలి. ఏళ్ల తరబడి ఇద్దరికీ మాటల్లేవు. పోయిన వానాకాలం అతను ఫోన్ చేసి, ముసురు పట్టినప్పుడు చెయ్యి నొస్తదా అని అడిగాడట. నొస్తది అందట. ఆ తర్వాత ఎవరూ ముందుగా ఫోన్ పెట్టెయ్యలేదట.

భేజ్జికి ఇప్పుడు తారు రోడ్డు పడింది. పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు... మా తరగతిలో ఆ వైపు పల్లెల పిల్లలు చాలామంది ఉండేవారు. ఎవరు ఎటు పోయారో నాకు తెలీదు. ఇది చదివేవాళ్లలో వాళ్లెవరైనా ఉంటే... పేరు రాయక్కర్లేదు. ఉన్నానని కింద ఒక్క మాట రాయండి, చాలు.