అడగడం మానిన ముప్పై ఒక్క కంప్యూటర్లు

నూజివీడులో నేను పనిచేసే డిగ్రీ కాలేజీలో రాయప్పగారు ఇరవై రెండేళ్లు కంప్యూటర్ ల్యాబ్ చూసుకున్నారు. ఒంటరి మనిషి. మామిడి మార్కెట్ వెనక సందులో ఒక్క గది. సెలవుల్లోనూ ల్యాబ్‌కే వచ్చేవారు, గదిలో పలకరించే దిక్కు లేక.

ల్యాబ్‌లో పలకరింపు ఉండేది. పొద్దున్నే స్విచ్చి వేయగానే ముప్పై ఒక్క కంప్యూటర్లూ ఒకటే అడిగేవి: ఇంటర్నెట్‌కు నేరుగా వెళ్లాలా, మధ్యలో ప్రాక్సీ అనే యంత్రం ద్వారా వెళ్లాలా అని. ఈ ప్రశ్న కోసమే ఒక యంత్రానికి పేరు పెట్టి ఉంచుతారు. ఆ పేరుతో పిలిస్తే అది చిన్న ఫైలు ఇస్తుంది, అందులో దారి ఉంటుంది. ఆ ఫైలు రాసింది రాయప్పగారే. ఏ కంప్యూటర్ అడిగిందో యంత్రం తెర మీద వరసగా పడుతుంటే, టీ గ్లాసు పట్టుకుని హాజరు తీసుకున్నట్టు చూసేవారు. పద్నాలుగో నంబరుది ఎప్పుడూ ఆలస్యమే.

రెండేళ్ల కిందట ప్రాక్సీ తీసేశారు. ఆయన ఫైల్లో ‘నేరుగా వెళ్లండి’ అని మార్చి, జవాబిచ్చే యంత్రాన్ని మాత్రం అలాగే ఉంచారు.

ఈ మే నెలాఖరున రిటైర్మెంట్. ఛార్జి తీసుకోవడానికి వచ్చిన లెక్చరర్ గ్లోరీ మేడం, ఆ డబ్బాను పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నారు.

“ఇచ్చేయండి మేడం. ఈ కంప్యూటర్లు మాత్రం అడగడం మానవు.”

“జవాబు రాకపోతే ఊరుకుంటాయి కదండీ?”

“ఊరుకుంటాయి. ఈలోపు ఆ పేరు పెట్టుకుని ఎవరి ల్యాప్‌టాప్ పలికినా నమ్మేస్తాయి. హనుమాన్ జంక్షన్‌లో కొత్త లారీ డ్రైవరే అనుకోండి. ఎవడు చెయ్యి చూపిస్తే అటే.”

మరేం చేద్దామని ఆమె అడిగారు. చేయాల్సింది ఆయనకు రెండేళ్లుగా తెలుసు. ఒక్కో కంప్యూటర్‌లో ‘సెట్టింగులు ఆటోమేటిక్‌గా కనుక్కో’ అన్నది ఆఫ్ చేస్తే, ఇక ఏదీ ఎవర్నీ అడగదు. ఆయన్నీ అడగదు. అందుకే ఇన్నాళ్లూ చేయలేదు.

ఆ సాయంత్రం ఒక్కో కుర్చీలో కూర్చుని ఆఫ్ చేసుకుంటూ వెళ్లారు. పద్నాలుగోదాన్ని ఆఖరికి ఉంచారు.

మర్నాడు స్విచ్చి వేస్తే ముప్పై ఒక్క తెరలూ వెలిగాయి. ఇంటర్నెట్ అన్నిట్లోనూ వచ్చింది. పాత యంత్రం తెర మీద మాత్రం ఒక్క వరసా పడలేదు. పనైపోయినట్టే. అయినా టీ చల్లారేదాకా దాని ముందే కూర్చుని, తర్వాత వైరు తనే లాగారు.

“పద్నాలుగోదైనా అడుగుతుందేమో అనుకున్నానండి,” అన్నారు నాతో.