విశాలాక్షి గారి లారీకి గాలి పైపు

మొన్న బాపులపాడు దగ్గర టీ తాగుదామని ఆగితే, నా పక్కనే ఒక పికప్ వ్యాను వచ్చి నిలబడింది. ఆపే ముందు డ్రైవరు యాక్సిలరేటరు ఒక్క తొక్కు తొక్కాడు. ఇంజిను గాలిని బుస్సుమని పీల్చుకున్న చప్పుడుకి టీ గ్లాసు పట్టుకున్న నా చెయ్యి ఆగిపోయింది. బానెట్ పక్కన మెరుస్తున్న లావుపాటి పైపు కనిపించింది. "కొత్తగా పెట్టించానండీ. లాగుడూ పెరిగింది, మైలేజీ కూడా పెరిగింది" అన్నాడు, నేను అడక్కుండానే. ఆ మాటని ఎనభైల్లో నేను అంతకంటే గట్టిగా చెప్పినవాణ్ణి. ఆ చప్పుడు కోసం ఒక అబద్ధం కూడా ఆడాను. ఆ అబద్ధం విన్న మనిషి విశాలాక్షి గారు. ఆవిణ్ణి ఎరిగినవాళ్లు ఇప్పుడు నూజివీడులో కూడా తక్కువే. అందుకే రాస్తున్నాను.

విశాలాక్షి గారికి నూజివీడు అవతల మామిడి తోటలుండేవి, ఒక లారీ ఉండేది. భర్త పోయాక తోటలు కౌలుకిచ్చేసి లారీ అమ్మేస్తుందని అందరూ అనుకున్నారు. ఆవిడ రెండూ అట్టేపెట్టుకుంది. మా అమ్మా నాన్నా అలాంటి తోటల్లోనే కాయలు కోసి, గంపలు మోసి బతికినవాళ్లు. నేను మాత్రం స్టీరింగు పట్టుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, పెళ్లయి ఒక పాప పుట్టాక, ఆవిడ దగ్గర డ్రైవరు పనికి వెళ్లాను. లైసెన్సు తిప్పి చూసి, "లోడుతో మిట్ట ఎక్కేటప్పుడు గేరు ఎప్పుడు మారుస్తావు?" అని అడిగింది. "ఇంజిను అడిగినప్పుడండీ" అన్నాను గొప్పగా. "అది అడిగేదాకా ఎందుకు ఆగడం?" అంది. అంతే, మర్నాడు పనిలోకి రమ్మంది. ఆవిడకి లారీ నడపడం రాదు. కానీ దేని గురించైనా ఒక ప్రశ్న వేస్తే, నడిపేవాడు రెండు రోజులు ఆలోచించాల్సి వచ్చేది.

రెండో సీజను మొదట్లో నాకు పైపు పిచ్చి పట్టింది. బెజవాడలో ఒక షెడ్డువాడు లారీలకి గాలి పైపులు బిగించేవాడు. అప్పట్లో మా లారీలకి గాలి వెళ్లే దారిలో ఒక ఇనుప డబ్బా ఉండేది, దాని అడుగున నూనె పోసేవాళ్లం. బయటి గాలి ఆ నూనెని తాకుతూ పోతే దుమ్మంతా అక్కడే అంటుకుపోయి, శుభ్రమైన గాలి ఇంజినులోకి వెళ్లేది. షెడ్డువాడు ఆ డబ్బా తీసేసి, మూతికి ఇనుప జల్లెడ ఉన్న వెడల్పాటి పైపు పెట్టేవాడు. "ముక్కు మూసి నిన్ను పరిగెత్తమంటే పరిగెత్తగలవా? ఇంజిను కూడా అంతే" అన్నాడు. ఆ మాట నా బుర్రకెక్కింది. అంతకన్నా ఎక్కువగా ఆ చప్పుడు ఎక్కింది. పైపు పెట్టిన లారీ వస్తుంటే రోడ్డు పక్క మనుషులు తలతిప్పి చూసేవారు.

విశాలాక్షి గారికి చెబితే వెంటనే కాదనలేదు. "నిజంగా డీజిలు తగ్గుతుందా?" అంది.

"ఒక్క ట్రిప్పులో తెలిసిపోతుందండీ."

"అయితే పెట్టించు. పాత డబ్బా మాత్రం పారెయ్యకు, పాకలో పెట్టు. చదునుగా ఉన్న చోట లారీ ఆపి, టాంకు మూతిదాకా డీజిలు పోయించి బయల్దేరు. తిరిగొచ్చాక అదే బంకులో, అదే చోట ఆపి మళ్లీ మూతిదాకా పోయించు. ఎంత పడితే అంతే తాగినట్టు."

హైదరాబాదుకి కాయలు దించి తిరిగొచ్చాను. ఎప్పటికంటే ఎనిమిది లీటర్లు తక్కువ పట్టింది. బంకు నుంచి నేరుగా తోటకి పోనిచ్చాను. ఆవిడ ఎండుగడ్డి పరిపిస్తూ, కొంగు బిగించి కాయల మధ్య ఉంది. నేను చెప్పింది మొత్తం విని, "ఎలా నడిపావు?" అని అడిగింది. "ఎప్పటిలాగేనండీ" అన్నాను. నేను నిజమనుకునే అన్నాను. "సరే, ఈసారి నేనూ వస్తాను" అంది.

తోటలున్న ఒక ఆడమనిషి లారీ క్యాబిన్లో కూర్చుని హైదరాబాదు వెళ్లడం ఆ రోజుల్లో మాట్లాడుకోవాల్సిన విషయమే. మాట్లాడుకున్నారు కూడా. ఆవిడ మరచెంబుతో నీళ్లు, ఒక టిఫిన్ క్యారియరు పట్టుకుని ఎక్కి కూర్చుంది. నందిగామ దాటాం. రోడ్డు చూడట్లేదు, నా కుడికాలు చూస్తోంది. నేను గాజు సామాను మోస్తున్నవాడిలా నడుపుతున్నాను. ముందు బస్సు ఆగుతుందనగానే కాలు తీసేస్తున్నాను, దిగుడులో బండిని దానంతట దాన్ని పోనిస్తున్నాను. "సత్యం, పోయిన నెలలో బెజవాడ నుంచి నీ వెనక బస్సులో వచ్చాను. అప్పుడు ఇలా నడపలేదు నువ్వు. అప్పటిలా నడుపు" అంది. నాకు ఒళ్లు మండింది. అప్పటిలాగే నడిపాను, తొక్కడమూ బ్రేకు కొట్టడమూను. తిరిగొచ్చాక ఎనిమిది లీటర్ల లాభం ఎగిరిపోయింది. మూడోసారి పైపు తీయించి, పాత డబ్బాని కిరసనాయిలుతో కడిగించి, కొత్త నూనె పోయించి పెట్టించింది. "ఇప్పుడు గాజు సామాను మోసినట్టు నడుపు" అంది. ఆ ఎనిమిది లీటర్లు మళ్లీ మిగిలాయి.

అంటే మిగిల్చింది పైపు కాదు, నా కాలు. మా మెకానిక్ కోటయ్య కూడా అదే చెప్పాడు. "డబ్బా శుభ్రంగా ఉంటే ఇంజినుకి కావలసిన గాలి వస్తూనే ఉంటుందిరా. డీజిలు కొట్టేది పంపు. అది కొట్టినంతే బలం. ఊరికే నోరు పెద్దది చేస్తే ఏం వస్తుంది, అరుపు తప్ప?" తర్వాత దాదాపు నలభై ఏళ్లు రకరకాల బండ్లు నడిపాను. ఆ మాట తప్పని ఏ బండీ నాకు చూపించలేదు. మూసుకుపోయిన డబ్బా బండిని చంపుతుంది, శుభ్రం చేస్తే బండి లేస్తుంది. దాన్ని తీసేసి పైపు పెడితే మాత్రం చప్పుడే లాభం.

కానీ అప్పటికి నేను ఆ చప్పుడుకి అలవాటు పడిపోయాను. డబ్బా పెట్టిన లారీ నాకు మూగదానిలా అనిపించింది. పైపు ఊడిందేమని తోటి డ్రైవర్లు నవ్వారు. సీజను ముదిరి, విశాలాక్షి గారు కోతల్లో మునిగి ఉండగా, డబ్బా విప్పి పాకలో పెట్టేసి మళ్లీ పైపు బిగించాను. మూడు వారాలు అలాగే తిరిగాను. పగలంతా తోటల మధ్య ఎర్ర మట్టి దారులు. ముందు వెళ్లే బండి కనపడనంత దుమ్ము. ఆ దుమ్మంతా ఎటు పోతోందో ఆలోచించలేదు.

చిన్న రసాల లోడుతో వెళ్తుండగా సూర్యాపేట దగ్గర లారీ మొరాయించింది. రెండు రోజులుగా నీలంగా పొగ వస్తూనే ఉంది, చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఇప్పుడు చిన్న మిట్ట కూడా ఎక్కలేక ఒక హోటలు ముందు నిలబడిపోయింది. అక్కణ్ణించి నూజివీడుకి ఫోను చేయించాను. మర్నాడు పొద్దున్నే విశాలాక్షి గారు, కోటయ్య బస్సు దిగారు. కోటయ్య పైపు విప్పి, లోపల వేలు పెట్టి తీశాడు. వేలికి పిండిలాంటి ఎర్ర మట్టి. "దుమ్ము తినేసిందమ్మగారూ. పిస్టను రింగులు అరిగిపోయి ఉంటాయి. మొత్తం విప్పాలి" అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. "డబ్బా ఏమైంది సత్యం?"

"కారుతోందండీ. బాగు చేయమని బెజవాడలో ఇచ్చాను."

నోరు తెరవగానే వచ్చేసింది ఆ మాట. ఆవిడ "డబ్బా మన పాకలో ఉంది. రాత్రి బయల్దేరేముందు చూసే వచ్చాను" అంది. గొంతు పెంచలేదు. "ముందు కాయల సంగతి చూద్దాం, పద" అని చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది.

సీజనులో ఖాళీ లారీ దొరకడం కష్టం. తిరగ్గా తిరగ్గా మధ్యాహ్నానికి ఒకటి దొరికింది. గట్టికాయలన్నీ ఏరి అందులోకి ఎక్కించి పంపేశాం. టార్పాలిన్ కింద ఉడుకుకి రంగు తిరిగిన కాయలు చాలా మిగిలాయి. అవి ఇంకో రోజు ఆగవు. విశాలాక్షి గారు లారీ వెనక తలుపు దింపించి, గంప బోర్లించి దాని మీద నిలబడింది. వచ్చిన ప్రతి బస్సు దగ్గరా "నూజివీడు రసాలండీ! తోట మాదే, తిని చూడండి!" అని పిలిచింది. ఒక కాయని అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచిక తీసి, కిటికీలోంచి ఒక ముసలాయనకి అందించింది. ఆయన రసం పీల్చి కళ్లు మూసుకున్నాడు. బస్సులో సగంమంది దిగారు. పొద్దుగూకేదాకా నేను కాయలు అందిస్తూనే ఉన్నాను, ఆవిడ పిలుస్తూనే ఉంది. అంతసేపూ నాతో మామూలుగానే మాట్లాడింది, "ఇటివ్వు", "అవి మగ్గలేదు, పక్కన పెట్టు" అని. ఆ మామూలుతనమే నన్ను నిలవనీయలేదు.

లారీ ఖాళీ అయ్యాక ఆవిడ మోచేతుల దాకా అంటిన రసం కడుక్కుంటుంటే, నేను చెంబుతో నీళ్లు పోస్తూ చెప్పేశాను. "చప్పుడు కోసం పెట్టానండీ. డీజిలూ లేదు, ఏమీ లేదు. నలుగురూ చూస్తారని పెట్టాను. పొద్దున అబద్ధం చెప్పాను."

"పైపు పెట్టినందుకు కోపంగానే ఉంది. ఇంజిను బాగుపడితే పోతుందది" అంది, చేతులు కొంగుకి తుడుచుకుంటూ. "కానీ సత్యం, నాకు లారీ నడపడం రాదు. నువ్వు బాగుందంటే బాగుందని నమ్మి రోడ్డు మీదకి పంపుతాను. రేపు బ్రేకులెలా ఉన్నాయని అడిగితే నాకేం చెప్తావు? నేను దేన్ని నమ్మాలి?"

చెంబు కింద పెట్టాను. "అడిగితే చెప్పడం కాదు, నేనడక్కముందే చెప్పు. అలా చెప్పగలిగితే ఉండు. లేకపోతే వేరే చోట చూసుకో" అంది.

ఉన్నాను. లారీని లాగించుకుని నూజివీడు తెచ్చాక, ఇంజిను విప్పే పనిలో నన్ను కోటయ్య పక్కన కూర్చోబెట్టింది. పిస్టన్లు ఆడే బోర్లు గీతలు పడిపోయి ఉంటే, వాటిలో నా వేలు పెట్టించి చూపించాడు కోటయ్య. ఒక్కొక్క భాగమూ కిరసనాయిల్లో కడిగాను. ఆ పని జరుగుతుండగా ఇంకో లారీ ఓనరు వచ్చి, నేను వింటుండగానే, "వీణ్ణి ఇంకా ఉంచుకున్నారేంటండీ?" అన్నాడు. "ఇంజినులోకి దుమ్ము పోతే ఏమవుతుందో చేత్తో తడిమి చూసిన డ్రైవరు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాడండీ. ఇతన్ని పంపేసి, చూడనివాణ్ణి తెచ్చుకోనా?" అంది. నేను చేతిలో ఉన్న పిస్టనుని మళ్లీ మొదటినుంచీ కడిగాను.

మరుసటి వేసవిలో జి. కొండూరు దగ్గర బండి వెనక్కి తీస్తూ ఒక రైతు కంచె రాయిని గుద్దాను. లారీ వెనక చెక్క చీలింది. ఎవరూ చూడలేదు. కాయల లోడింగులో చీలిందంటే సరిపోయేది. నేరుగా ఇంటికెళ్లి, ఆవిడ అరుగు మీదికి వచ్చీ రాకముందే చెప్పాను. రాయి కూడా ఒరిగిందని చెప్పాను. "సరే, రేపు పొద్దున్నే వెళ్లి ఆ రైతుకి రాయి సరిగ్గా పాతిపెట్టి రా" అంది. తర్వాత, "అన్నం తిన్నావా?" అని అడిగింది. అంతే. చెప్పడానికి అంత దూరం మోసుకొచ్చిన మాట అంత చిన్నదై పోయింది.

ఆవిడ దగ్గర ఇంకా చాలా సీజన్లు నడిపాను. తర్వాత నా సొంత లారీ కొనుక్కున్నాను. విశాలాక్షి గారు పోయి చాలా ఏళ్లయింది. బండి నడిపేవాణ్ణి కదా, నా వల్ల పొరపాట్లు తర్వాత కూడా జరిగాయి, రోడ్డు మీదా, ఇంట్లోనూ. కానీ దేన్నీ మోసుకుంటూ తిరగలేదు. ఎవరికి చెప్పాలో ఆ మనిషి దగ్గరికి ముందు వెళ్లి, అక్కడే దించేసి వస్తున్నాను.