సూరమ్మప్ప రాయని చీటీ

ఎండలో నిలిపిన బండి తలుపు తీయగానే కాగిన ప్లాస్టిక్ వాసన కొడుతుంది. ఆ వాసనకు సూరమ్మప్ప గుర్తొస్తుంది, ఒళ్ళు మండుతుంది. మంట ఆవిడ మీద కాదు.

ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు ఆవిడది. భర్త పోయాక ఆయన ఉద్యోగంలో చేరి, రైల్వే వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ ఫిట్టరుగా రిటైరయింది. నాకప్పటికి యాభై దాటాయి, అక్షరం ముక్క రాదు. ఇండస్ట్రియల్ పార్కు క్యాంటీన్లకు కూరగాయలు తోలే చిన్న వ్యానే నా బతుకు. ఒకనాడు అది మొరాయించింది. ఇంజిన్ను నడిపే కంప్యూటరు పోయిందన్నారు సర్వీసు సెంటరువాళ్ళు. కాగితం ముందు పెట్టి, “దాదా, ఇక్కడ టిప్‌సోయి” అని వేలిముద్రకు చోటు చూపించారు. తోడొచ్చిన సూరమ్మప్ప దాన్ని లాక్కుని చదివింది. కొత్తది పాడైతే తప్పు నాదేనని నేనే ఒప్పుకుంటున్నట్టు రాసుకున్నారట. అక్కడికక్కడే బండికి తాడు కట్టించి ఇంటికి లాగించింది.

వాకిట్లో, ఎండకు కాగిన బండిలో బ్యాటరీ తీగ తానే విప్పి, కంప్యూటరు ప్లగ్గులు రెండూ నన్ను విప్పమంది. ముందు ఒకదానికి ‘ఎడమ’, ఇంకోదానికి ‘కుడి’ అని చీటీలు కట్టాలి, కింద నా పేరుండాలి. వర్క్‌షాపు పద్ధతట: చీటీ మీద పేరున్నవాడే విప్పాలి, వాడే బిగించాలి. నువ్వే రాసెయ్యమన్నాను. రాయనంది. పలక తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

మూడు మాటలకు తొమ్మిది రోజులు. నా లోడు వేరేవాడు తోలుకుంటున్నాడు. ఆరో రోజున పలక విసిరికొట్టాను.

“ఒక ప్లగ్గు ఇంకోదాని సోట దూరనే దూరదు కదప్పా, సీటీ ఏటికి?”

“ప్లగ్గు కోసం కాదురా అప్పన్నా. రేపు బండి ఆగిపోతే, సేసినోడు ఎవుడో తెలియాలి. ఎవుడో వదులుగా బిగించిన పనికి నాసేత ఏలిముద్ర ఏయించుకున్నారు. పెమోషన్ ఆపేసినారు. అప్పుడు నేర్సుకున్నాను నేను.”

పలక ఏరుకొచ్చుకున్నాను.

పదో రోజున చీటీలు కట్టి, పాతది విప్పాను. ఖరిదా బజారులో పాత సామాన్ల కొట్టులో అదే నంబరుది దొరికింది. ల్యాప్‌టాప్‌తో బళ్ళు చూసే ఒకతను అది లేనిదే బండి అందుకోదంటూ పాతదానిలోని తాళంచెవి గుర్తును దానికి ఎక్కించాడు. బిగించింది నేను. బండి మొదటి తిప్పుకే అందుకుంది.

ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. మొన్న బ్యాంకు కౌంటరులో గుమాస్తా కాగితం తోసి, అంతా రొటీనే, సంతకం పెట్టెయ్యమన్నాడు. ఇంగ్లీషు నాకు రాదు, చదివి చెప్పమన్నాను. వెనక లైను సణిగింది. నేను కదల్లేదు. విసుక్కుంటూ చదవడం మొదలెట్టాడు. నాలుగో వరుస దగ్గర అతని గొంతు తగ్గింది.

ఆ వరుస మళ్ళీ, గట్టిగా చదవమన్నాను.