వేలు గుర్తుపట్టని ఫోన్లు

ఒకసారి గోండ్‌పిప్రి నుంచి చంద్రపూర్ వెళ్లే బస్సులో పక్కసీటు పెద్దావిడ నా ఫోన్ అడిగి తీసుకుని, వేలితో నొక్కి చూసింది. నేను తాకకపోయినా ఏదో ఒకటి తెరిచే ఆ ఫోన్, ఆమెకు ఉలకలేదు.

“పత్తి ఏరి ఏరి ఏలు మొద్దుబారింది బిడ్డా. మా ఊరి దుకాణంల ఒక్కటే రకం ఫోనున్నది. అదీ గిట్లనే పలుకలే. ఫోన్ మంచిదే, నీ ఏలే ఖరాబంటడు సేటు. ఏలు మార్చుకొని రమ్మంటడా ఏంది? అందుకే చంద్రపూర్ల ఇంకో రకం చూద్దామని పోతున్న.”

“బటన్ల ఫోన్ కొనుక్కోరాదా అమ్మా?” అని, ఎవరూ అడగని సలహా ఇచ్చాను.

“మా చెల్లెకు మాటలు రావు. చేతులతోనే మాట్లాడుతది. బటన్ల ఫోన్ల ఎట్ల కనవడ్తది?”

మళ్లీ నొక్కడం మొదలుపెట్టింది. చంద్రపూర్ స్టాండులో బస్సంతా ఖాళీ అయ్యేదాకా నేను ఫోన్ తిరిగి అడగలేదు.